ఎనిమిది నెలలుగా కోపాసీ వాడుతున్నాను: వైరస్ మోడళ్లకు ఎలా ఉందంటే

పన్నెండేళ్లుగా నా పని ప్లాక్‌లు లెక్కపెట్టడం. కణాల పొర మీద శాంపిల్ వేసి, పైన అగర్ అనే జెల్లీ పోసి, రెండు మూడు రోజులు ఆగి క్రిస్టల్ వయొలెట్‌తో రంగు వేస్తే, వైరస్ సోకి కణాలు చచ్చిన చోట తెల్లటి చుక్కలు తేలతాయి, అవే ప్లాక్‌లు. ఆ చుక్కల లెక్కే వైరస్ లెక్క. రోజుకో పాయింటు చొప్పున గ్రాఫ్ మీద పెడితే కొండలాంటి గీత వస్తుంది. ఇన్‌ఫ్లుయెంజా అయితే రెండు మూడు రోజులు ఎక్కుతుంది, ఆ తర్వాత దిగడం మొదలుపెట్టి వారం తిరిగేసరికి నేలకు దిగిపోతుంది.

పోయినేడాది క్లాసులో ఒకమ్మాయి ఆ కొండ దిగే వైపు వేలు పెట్టి, "మేడమ్, ఇక్కడ వైరస్‌ని దించింది ఎవరు? ఇమ్యూనిటీయేనా?" అని అడిగింది. అవునన్నాను. ముందు ఇంటర్‌ఫెరాన్ (సోకిన కణం చుట్టుపక్కల వాటిని హెచ్చరించడానికి వదిలే ప్రొటీన్), తర్వాత టి-కణాలు (సోకిన కణాలను చంపేవి), యాంటీబాడీలు (వైరస్‌ని పట్టుకునేవి) అని ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. "అది పుస్తకంలో ఉంది మేడమ్. ఈ గ్రాఫ్ చూసి ఆ మాట ఎలా చెప్పగలం?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న పట్టుకునే కోపాసీ దగ్గరికి వచ్చాను.

కోపాసీ అంటే జీవరసాయన చర్యలను కంప్యూటర్‌లో నడిపి చూసే ప్రోగ్రాం. గెపాసీ అని 1990లలో వచ్చిన ప్రోగ్రాంకి ఇది తర్వాతి తరం. పెద్రో మెండెస్, ఉర్సులా కుమ్మెర్ల బృందాలు తయారుచేశాయి. దాన్ని పరిచయం చేసిన పేపరు 2006లో వచ్చింది. ఉచితం. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. మొదట్లో ఎంజైములు, మెటబాలిజం చూసేవాళ్ల కోసం పుట్టింది కాబట్టి, తెరవగానే వైరస్ అన్న మాట ఎక్కడా కనిపించదు. దానికి కంగారు పడొద్దు. ఒక కణానికి వైరస్ సోకడం కూడా లెక్కల దృష్టిలో రెండు అణువులు ఢీకొన్నట్టే.

నాకు బాగా నచ్చింది ఇక్కడే. అవకలన సమీకరణాలు, అంటే ఏది ఎంత వేగంగా మారుతుందో చెప్పే సమీకరణాలు, రాయక్కర్లేదు. జరిగే పనులను చర్యలుగా రాస్తే చాలు. "ఆరోగ్యంగా ఉన్న కణం, వైరస్ కలిస్తే సోకిన కణం, వైరస్ అలాగే ఉంటుంది" అని ఒక లైను. "సోకిన కణం నుంచి వైరస్ వస్తుంది, కణం అలాగే ఉంటుంది" అని ఇంకో లైను. "సోకిన కణం పోతుంది", "వైరస్ పోతుంది" అని మరో రెండు. ఈ నాలుగు లైన్లకు నాలుగు రేట్లు ఇస్తే సమీకరణాలను అదే కట్టుకుంటుంది, కావాలంటే తెర మీద చూపిస్తుంది కూడా. గణితం అంటే టెన్షన్ పడే నా విద్యార్థులు తాము రాసిన నాలుగు మాటలు సమీకరణాలుగా మారడం చూసి, వాటిని మొదటిసారి భయం లేకుండా చదివారు.

మొదటి గంటలో మాత్రం కొంచెం ఓపిక కావాలి. ఎడమ పక్క చెట్టులా పెద్ద పట్టిక ఉంటుంది, ఏది ఎక్కడుందో వెతుక్కోవాలి. రన్ నొక్కే ముందు గ్రాఫ్ ఒకటి తయారుచేసి పెట్టుకోకపోతే చూపించడానికి ఏమీ లేదని చెబుతుంది. అవుట్‌పుట్ అసిస్టెంట్ అని ఒకటుంది, అది రెండు నొక్కుల్లో గ్రాఫ్ పెట్టేస్తుంది. నిలువు గీతను లాగ్ స్కేలులోకి, అంటే ఒక్కో మెట్టుకు పదింతలు పెరిగే కొలతలోకి, మార్చడం మర్చిపోకండి. వైరస్ పది నుంచి లక్షకు వెళ్లి మళ్లీ పదికి వస్తుంది. మామూలు స్కేలులో సన్నటి ముల్లు తప్ప ఏమీ కనిపించదు.

మా మొదటి మోడల్‌కి ఇన్‌ఫ్లుయెంజా మీద 2006లో బక్కమ్, బోషమాన్, పెరెల్సన్ తదితరులు ప్రచురించిన అంకెలు తీసుకున్నాం. వాలంటీర్లకు కావాలనే వైరస్ ఎక్కించి, రోజూ ముక్కు కడిగిన నీటిలో వైరస్ లెక్కపెట్టిన పాత డేటాకు వాళ్లు మోడల్ కట్టారు. 40 కోట్ల కణాలతో మొదలు. వైరస్ తొలగింపు రేటు రోజుకు 3, సోకిన కణాల మరణ రేటు రోజుకు 4. అంకెలు కొట్టి రన్ నొక్కాం. రెండో రోజు దాటుతుండగా శిఖరం, తర్వాత దిగుడు. అచ్చం నేను పన్నెండేళ్లుగా చూస్తున్న కొండే.

అప్పుడు ఆ అమ్మాయే అడిగింది, "మేడమ్, ఇందులో ఇమ్యూనిటీ ఎక్కడుంది?"

లేదు. ఆ నాలుగు లైన్లలో ఇంటర్‌ఫెరాన్ లేదు, టి-కణం లేదు, యాంటీబాడీ లేదు. సోకడానికి కణాలు అయిపోయాయి కాబట్టి వైరస్ దిగింది. మిగిలిన కణాల గీతను చూపించమంటే, 40 కోట్లలో మిగిలినవి కొన్ని వేలు. అసలు శరీరంలో అలా జరగదు. ఫ్లూ వచ్చిన ప్రతివాళ్లకూ శ్వాసనాళం లోపలి పొర మొత్తం ఊడిపోదు. అంటే గీత సరిగ్గా కుదిరింది, కథ మాత్రం తప్పు. ఆ మధ్యాహ్నం క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. నాకూ నోట మాట రాలేదు. ఇన్నేళ్లూ నేను ఆ కొండ దిగుడును చూపించి ఇమ్యూనిటీ గురించి పాఠం చెప్పాను.

తర్వాత స్లైడర్లు. రేట్లకు స్లైడర్లు పెట్టుకుంటే, వాటిని జరుపుతున్నకొద్దీ గీత మారుతూ కనిపిస్తుంది. ఈ సౌకర్యం ఒక్కటే చాలు ఈ ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేసుకోవడానికి. వైరస్ తొలగింపు 3, కణాల మరణం 4 ఉన్నాయి కదా, రెండింటినీ తారుమారు చేసి 4, 3 పెట్టాం. గీత దాదాపు కదల్లేదు. మొదట్లో వెంట్రుకవాసి తేడా, అంతే. కానీ ఆ రెండు అంకెలకు అర్థాలు వేరు. మొదటి దాంట్లో సోకిన కణం సగటున 6 గంటలు బతుకుతుంది, రెండో దాంట్లో 8 గంటలు. టి-కణాలు సోకిన కణాలను ఎంత వేగంగా చంపుతున్నాయో తెలుసుకోవాలనుకునే మనిషికి ఆ తేడానే ప్రాణం. వైరస్ లెక్క మాత్రమే ఉన్నవాళ్లకు ఆ తేడా తెలిసే దారి లేదు.

ఇంకొకటి చేశాం. మొదట్లో ఉన్న కణాల సంఖ్యను రెట్టింపు చేసి, ఒక్కో సోకిన కణం నుంచి వచ్చే వైరస్‌ను సగం చేశాం. ఈసారి వెంట్రుకవాసి తేడా కూడా లేదు, గీత మీద గీత. కాగితం మీద రాసి చూస్తే ఎందుకో రెండు నిమిషాల్లో అర్థమవుతుంది: వైరస్ గీతకు ఆ రెండు అంకెల గుణకారం మాత్రమే తెలుసు. కానీ కాగితం మీద చెప్పినప్పుడు తల ఊపిన వాళ్లే, స్లైడర్ జరిపినప్పుడు లేచి ముందుకొచ్చి చూశారు.

ఇది తెలిశాక హెచ్‌ఐవీ మీద 1990లలో జరిగిన పని విలువ నాకు కొత్తగా అర్థమైంది. అప్పటిదాకా రోగుల్లో వైరస్ లెక్క ఏళ్ల తరబడి ఇంచుమించు ఒకేచోట ఉండేది కాబట్టి లోపల పెద్దగా ఏమీ జరగడం లేదనిపించేది. 1995లో రెండు బృందాలు మందు ఇచ్చి వైరస్ ఎంత వేగంగా పడుతుందో చూశాయి. 1996లో పెరెల్సన్ బృందం ఐదుగురు రోగులకు రిటోనవిర్ అనే మందు ఇచ్చి, మొదటి రెండు రోజులు గంటల తేడాతో రక్తం తీసి లెక్కపెట్టింది. మందు వేసిన వెంటనే గీత పడదు, కాసేపు భుజంలా వంగి అప్పుడు పడుతుంది. ఆ భుజం వంపులోంచే వైరస్ తొలగింపును, కణాల మరణాన్ని విడదీశారు. రోజుకు సుమారు 1000 కోట్ల వైరస్‌లు పుడుతున్నాయని, సోకిన కణం సగటు ఆయుష్షు 2.2 రోజులని తేలింది. కదలని గీత చెప్పని విషయాన్ని, కదిలించిన గీత చెప్పింది. మేము ఆ ప్రయోగాన్ని కోపాసీలో ఈవెంట్స్ అనే విభాగంతో చేసి చూశాం: ఫలానా గంట దాటగానే ఫలానా రేటు మార్చు అని రాస్తే చాలు. గంటకో పాయింటు పెడితే భుజం కనిపించింది, రోజుకో పాయింటు పెడితే మాయమైంది. అప్పటి నుంచి మా ల్యాబ్‌లో శాంపిళ్లు ఎప్పుడు తీయాలో ముందు మోడల్‌లో చూసుకుంటున్నాం.

అదే ఈవెంట్స్‌తో ఫ్లూ మందు కూడా పెట్టాం. వైరస్ ఉత్పత్తిని 90 శాతం తగ్గించే మందు అనుకుని, ఒకసారి మొదటి రోజు, ఒకసారి మూడో రోజు మొదలుపెట్టాం. మొదటి రోజు మొదలుపెడితే కొండే లేవలేదు. మూడో రోజు మొదలుపెడితే గీత కొద్దిగా కిందకు జరిగింది, అంతే. అప్పటికే శిఖరం దాటిపోయింది, వైరస్ ఎటూ దిగుతోంది. ఒసెల్టమివిర్ అనే ఫ్లూ మందును లక్షణాలు మొదలైన 48 గంటల్లోపే వేసుకోమని ఎందుకంటారో ఈ రెండు గీతలు పక్కపక్కన చూపిస్తే ఇక వివరించాల్సిన పని ఉండదు.

ఇక ఇమ్యూనిటీ. నాలుగు లైన్లకు ఇంకో నాలుగు కలిపాం. సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ విడుదల చేస్తుంది, ఇంటర్‌ఫెరాన్ కొంతసేపటికి పోతుంది, అది తగిలిన ఆరోగ్యకరమైన కణం కొన్నాళ్లు వైరస్‌కి లొంగని కణంగా మారుతుంది, ఆ కణం మళ్లీ మామూలు కణం అవుతుంది. గుర్రాల ఇన్‌ఫ్లుయెంజా డేటాతో 2012లో పావెలెక్ తదితరులు చేసిన మోడల్‌లో ఉన్న ఆలోచన ఇది. రేట్లు కొంచెం సర్దితే వైరస్ గీత మళ్లీ అదే కొండ. కానీ మా రన్‌లో ఈసారి మూడో వంతు కణాలు సోకకుండా మిగిలాయి. ఒకే వైరస్ గీతకు రెండు కథలు: ఒకదాంట్లో కణాలన్నీ పోయాయి, ఇంకోదాంట్లో ఇంటర్‌ఫెరాన్ కాపాడింది. ఏది నిజమో తేల్చాలంటే వైరస్‌ని ఇంకా జాగ్రత్తగా లెక్కపెట్టి లాభం లేదు. బతికున్న కణాలను లెక్కపెట్టాలి, లేదా ఇంటర్‌ఫెరాన్‌ను కొలవాలి. క్లాసులో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పుడున్న జవాబు ఇదే, దీనికి నన్ను చేర్చింది ఈ ప్రోగ్రామే.

టి-కణాలు, యాంటీబాడీలు కలపడం అంత సులువు కాదు. ఎలుకల్లో ఎల్‌సీఎంవీ అనే వైరస్‌కి టి-కణాలు ఎనిమిదో రోజు దాకా విపరీతంగా పెరిగి, ఆ తర్వాత 90 శాతానికి పైగా చనిపోయి, మిగిలినవి జ్ఞాపక కణాలుగా ఉండిపోతాయి. ఆ పెరుగుదల ఎప్పుడు మొదలవాలి, ఎప్పుడు ఆగాలి అని ఒక్కొక్కటీ మనమే చెప్పాలి, ఒక్కొక్కదానికీ ఒక రేటు కావాలి. అంకెలు లేని చోట ఊహ పెట్టుకుంటూ పోతే మోడల్ ఏ డేటాకైనా కుదిరేస్తుంది. నేను ప్రస్తుతానికి అక్కడ ఆగాను.

డేటాకు రేట్లను కుదిర్చే పని, అంటే పారామీటర్ ఎస్టిమేషన్, ఇందులో చాలా బలమైన భాగం. రకరకాల పద్ధతులున్నాయి: జెనెటిక్ అల్గారిథం, పార్టికల్ స్వార్మ్, లెవెన్‌బర్గ్-మార్క్‌వర్ట్ లాంటివి. ఒక చిన్న సలహా, నేను రెండు వారాలు పోగొట్టుకుని నేర్చుకున్నది. వైరస్ లెక్కను ఉన్నదున్నట్టు ఇస్తే, లక్షల్లో ఉండే శిఖరం పాయింటు మిగతా అన్నింటినీ మింగేస్తుంది. శిఖరం చక్కగా కుదురుతుంది, ఏడో రోజు తోక గాలిలో తేలుతుంది. గ్లోబల్ క్వాంటిటీ అని ఒకటి తయారుచేసి, అందులో వైరస్‌కి లాగ్ తీసి, డేటాను కూడా లాగ్‌లో పెట్టి, ఆ రెండింటినీ పోల్చమనండి. తోక దారికొస్తుంది. ఇంకో మాట, ఒక్కసారి ఫిట్ చేసి ఆగొద్దు. వేర్వేరు చోట్ల నుంచి మొదలుపెట్టి కనీసం పదిసార్లు చేయండి. పదిసార్లూ డేటాకు, మోడల్ గీతకు మధ్య తేడా ఒకేలా వచ్చి, రేట్లు మాత్రం పది రకాలుగా వస్తే, మీ డేటాకు ఆ రేట్ల సంగతి తెలియదని అర్థం.

యాదృచ్ఛిక పద్ధతి, అంటే ప్రతి చర్యనూ పాచిక వేసినట్టు నడిపే పద్ధతి, గురించి కూడా చెప్పాలి. మామూలు పద్ధతిలో వైరస్ సంఖ్య భిన్నాల్లోకి పోగలదు. చచ్చిన కణాల స్థానంలో కొత్తవి పెరిగే లైను కలిపి నడిపితే, మూడు వారాలకి అకస్మాత్తుగా మళ్లీ కొండ లేచింది. ఏమిటా అని వెనక్కి వెళ్లి చూస్తే, మధ్యలో వైరస్ దశాంశ బిందువు తర్వాత పది సున్నాల దాకా పడిపోయి, పూర్తిగా చావక, కణాలు పెరగగానే మళ్లీ లేచింది. అంత చిన్న వైరస్ ముక్క లోకంలో ఉండదు. నక్కల్లో రేబిస్ మోడళ్ల మీద ఇదే విమర్శ వచ్చింది. దాన్ని అట్టో-ఫాక్స్ సమస్య అంటారు, అంటే నక్కలో కోటి కోట్లవ వంతుకన్నా చిన్న ముక్క నుంచి మళ్లీ రోగం పుట్టడం. కోపాసీలో ఒక్క మెనూ మార్చి యాదృచ్ఛిక పద్ధతికి వెళితే వైరస్‌ను ఒకటి, రెండు అని లెక్కపెడుతుంది, సున్నాకి వస్తే సున్నాయే. చిన్న కణజాలం ముక్క తీసుకుని ఒకే ఒక్క వైరస్‌తో మొదలుపెట్టి 50 సార్లు నడిపాం. 11 సార్లు జబ్బు మొదలవకుండానే ఆగిపోయింది. ఒకే ఇంట్లో ఒకే వైరస్ తగిలినా ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడానికి ఇమ్యూనిటీతో పాటు అదృష్టం కూడా ఒక కారణమని పిల్లలకు కళ్లారా చూపించగలిగాను.

ఇందులో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. యూనిట్లను మార్చకుండా 400 కణాలు అని కొట్టాను. ప్రోగ్రాం దాన్ని రసాయన శాస్త్రపు లెక్కలో, మోల్‌ల ప్రకారం తీసుకుంది. ఒక మోల్ అంటే 6 పక్కన 23 సున్నాలన్ని అణువులు. అన్ని కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఏ కంప్యూటర్ వల్లా కాదు, రన్ మొదలవలేదు. మోడల్ పేజీలో పరిమాణం యూనిట్‌ను సంఖ్యకు, సమయాన్ని రోజులకు మార్చాక అన్నీ నడిచాయి. కొత్త ఫైలు తెరవగానే ముందు ఆ పేజీకే వెళ్లండి.

ఇది చేయలేని పని ఒకటుంది, అది పెద్దది. దీనికి స్థలం తెలియదు. ప్రతి వైరస్ ప్రతి కణానికీ సమానంగా దగ్గర అనుకుంటుంది. నా ప్లేటులో తెల్ల చుక్క గుండ్రంగా ఉండటానికి కారణమే వైరస్ పక్క కణానికి పాకడం. ఇంటర్‌ఫెరాన్ కూడా ముందు చుట్టుపక్కల కణాలనే కాపాడుతుంది. ఆ చుక్క పెరగడం చూడాలంటే ఒక్కో కణాన్ని గీసి కదిలించే కంప్యుసెల్‌3డి, ఫిజిసెల్ లాంటివి కావాలి. వేలాది రకాల టి-కణాలు, యాంటీబాడీలు తయారుచేసే బి-కణాలు, వీటిలో ఏది ఏ వైరస్‌ను గుర్తుపడుతుందో చూడాలంటే చెలాడా, సైడెన్ 1992లో మొదలుపెట్టిన దారిలో వచ్చిన ప్రోగ్రాంలున్నాయి. వాటికి సమయం ఎక్కువ పడుతుంది, కొంత కోడ్ రాయాలి. ముందు ఇందులో నాలుగు లైన్లతో ఒక వారం గడిపి అటు వెళితే, అక్కడ కనిపించే అందమైన బొమ్మలను ఏ మేరకు నమ్మాలో తెలుస్తుంది.

వైరాలజీ చదువుతూ, ల్యాబ్‌లో లెక్కలు పోగేస్తూ, గణితం అంటే దూరంగా ఉండేవాళ్లకు నేను ఇదే చెబుతాను. మీ దగ్గరున్న డేటా ఎంత చిన్నదైనా తీసుకుని కూర్చోండి. చేసిన మోడల్‌ను ఎస్‌బీఎంఎల్ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే వేరే ప్రోగ్రాంలలోనూ తెరుచుకుంటుంది, బయోమోడల్స్ అనే భాండారంలో ఇతరులు పెట్టిన మోడళ్లను కూడా ఇందులోకి తెచ్చుకోవచ్చు.

మా వరకు, వచ్చే ప్రయోగంలో ప్రతి శాంపిల్‌ని రెండు భాగాలు చేస్తున్నాం. ఒక సగంలో ఎప్పటిలా ప్లాక్‌లు, రెండో సగంలో ఇంటర్‌ఫెరాన్. మొదటి రోజు శాంపిల్ ఆరు గంటలకొకటి. ఆ టైమ్‌టేబుల్ వేసింది ప్రశ్న అడిగిన ఆ అమ్మాయే, ఆ రెండు కథల గీతలు ఏ గంటల్లో బాగా విడిపోతాయో మోడల్‌లో చూసి మరీ వేసింది.